పగలగొట్టడానికే మోసుకెళ్ళిన తెల్లరాతి బుడ్డి

ఈ ఎండల్లో కర్నూలూ కడపా ఎందుకు వెళ్ళారండీ అని మా కాకినాడ వీధిలో కనిపించిన వాళ్ళల్లా అడుగుతున్నారు. ఒక బుడ్డి పగలగొట్టించడానికి వెళ్ళానని చెబుతున్నాను. నవ్వేసి, అసలు సంగతి చెప్పండి అంటున్నారు. అసలు సంగతి అదేనండీ బాబూ! నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మార్తమ్మా నేనూ కర్నూలులో నర్సు శిక్షణ తీసుకునేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం. దానిది మైదుకూరు దగ్గర పల్లె. ఊరి పేరు రాయొద్దంది, అందుకని రాయను. వెళ్ళిన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే, నా భాష దానికీ దాని భాష నాకూ సరిగ్గా అర్థం కాని రోజుల్లో, మంచం పక్కనే కూర్చుని జావ తాగించి బతికించింది. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఊళ్ళో సగం మంది పిల్లలకు టీకాలు వేసిన చెయ్యి అది.

వాళ్ళ ఊరి చర్చిలో ఒక ఆచారం ఉంది. ఈస్టరుకు ముందు శ్రమల వారంలో, బుధవారం సాయంత్రం, ఆడవాళ్ళందరి తరఫునా ఒకామె అత్తరు పోసిన మట్టిబుడ్డిని గడపరాయి మీద కొట్టి పగలగొడుతుంది. ఒక స్త్రీ ఖరీదైన అత్తరు బుడ్డి పగలగొట్టి ఏసు తల మీద పోసిందనీ, పక్కనున్న మగవాళ్ళు ఎందుకీ దండగ అని సణిగారనీ, ఆయన మాత్రం ఆమెనే వెనకేసుకొచ్చాడనీ వాళ్ళ గ్రంథంలో ఉంది. తెలుగు బైబిల్లో ఒట్టి అత్తరు బుడ్డి అనే ఉందట. ఇంగ్లీషులో మాత్రం అది అలబాస్టర్ అనే తెల్లరాతి బుడ్డి. ఆ మాట మార్త మనసులో పట్టుకుంది. చెయ్యి మళ్ళీ లేస్తే, ఆ చేత్తోనే అసలైన తెల్లరాతి బుడ్డి పగలగొడతానని మొక్కుకుంది.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య కుటుంబంతో నేను ఈజిప్టు యాత్రకు బయల్దేరాను. “ఏమ్మే సత్తీ, ఆ రాయి ఆ దేశంలోనే దొరుకుతాదంట. చిన్నది ఒకటి తీసకరా” అని ఫోను చేసింది. కైరోలో దుకాణం వాడు బుడ్డి లోపల చిన్న బల్బు పెట్టి చూపించాడు. రాయంతా నెయ్యి రంగులో వెలిగింది, నడుం చుట్టూ పసుపు చారలతో. అక్కడి రాజుల శవాల పేగుల్ని ఇలాంటి రాతి జాడీల్లోనే దాచేవాళ్ళనీ, ఊళ్ళో ఒక పెద్ద మసీదు గోడలకు ఈ రాయే తాపడం చేశారనీ గైడు చెప్పాడు. పేగులు దాచే రాయి ఇంటికెందుకే అని అన్నయ్య సణిగాడు. నేను విననట్టు డబ్బులు తీసిచ్చి బుడ్డి కొనేశాను.

ఉగాది నాటికి మార్త చెయ్యి భుజం ఎత్తు దాకా లేచింది. పిడికిలి మాత్రం ఇంకా బిగుసుకోదు. వచ్చే ఏడు చేద్దువుగానిలే అని పాస్టరుగారు నచ్చజెప్పారట. “మొక్కు వాయిదా వేసేదానికి ఇదేమన్నా కోర్టు కేసా?” అందట ఇది. కాబట్టి నేను బుధవారం లోపల బుడ్డిని పగలకుండా చేర్చాలి, ఆ తర్వాత బలం లేని ఆ చేతికి అది పగలాలి. ఇంత తిరకాసు పని నా సర్వీసు మొత్తంలో ఎవరూ అప్పజెప్పలేదు.

కర్నూలు

బస్సు దిగగానే ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులు తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ముప్పై రూపాయలు తీసుకున్నారు. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి, ఇక్కడ పెద్దవాళ్ళకు పొద్దుటి ఫలహారం. ఆ బజ్జీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శిక్షణ రోజుల్లో మార్త నా బజ్జీ కూడా లాక్కుని తినేదని గుర్తొచ్చి నవ్వుకున్నాను.

పాతబస్తీలో అత్తరు దుకాణం వెతికాను. చెవిలో దూది పెట్టుకున్న ముసలి సాయిబు ఒకాయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. మార్త వాళ్ళ గ్రంథంలో ఉన్న జటామాంసి అత్తరే కావాలన్నాను.

“మేం బాల్‌ఛడ్ అంటామమ్మా. పెండ్లికా?” అన్నాడు.

కాదని చెప్పి, సంచిలోంచి బుడ్డి తీసి, మార్త సంగతంతా వినిపించాను. నాకు క్లుప్తంగా చెప్పడం రాదు. ఆయన ఓపిగ్గా విని, బుడ్డిని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

“సంగె మర్మర్, అదే పాలరాయి, మాదిరి ఉండాది గానీ కాదు. మెత్తన ఇది. దీంట్లో పోస్తే అత్తరు రాయి లోపలికి దిగుతాది. ఖాళీ చేసినా వాసన పోదు.” బుడ్డి నాకిచ్చి, గాజు సీసాలోకి అత్తరు కొలిచి పోశాడు. మూత పెట్టబోయి ఆగి, ఇంకొంచెం పోశాడు. అది నేను అడగలేదే అన్నాను. “ఏసంటే మా ఈసా పైగంబరే గదమ్మా, మాకూ ప్రవక్తే. ఆ అమ్మ చెయ్యి సల్లగుండాల” అన్నాడు. బేరం ఆడదామని మనసులో తయారు చేసుకున్న మాటలన్నీ మింగేశాను.

బేతంచెర్ల

ఇప్పుడు ఇది నంద్యాల జిల్లా. అక్కడి వాళ్ళు మాత్రం ఇంకా కర్నూలనే అంటారు. ఊరంతా బండల పాలిష్ ఫ్యాక్టరీలు, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపొడి. మా ఆసుపత్రి ఫార్మసిస్టు చెల్లెలు ఖాజాబీ ఇక్కడే ఉంటుంది. ఆమె భర్త మస్తాన్ బండల లారీ నడుపుతాడు. ఒక రోజు మా ఇంట్లో ఆగకపోతే ఊరుకోను అని ఆమె నాకు ముందే షరతు పెట్టింది.

జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిబిండి అనే వేరుశనగ రోటిపచ్చడి, గోంగూర పప్పు పెట్టింది. ఒక రొట్టె తిని చేయి కడుక్కోబోతే, “అదేంది అక్కా, పిచ్చుక మాదిరి తింటాండావు!” అని ఇంకోటి వేసింది. మా వైపు అన్నం లేని భోజనం భోజనమే కాదు. ఇక్కడ అన్నం ఆఖర్న, పెరుగుతో నాలుగు ముద్దలు. కడుపు నిండి, కళ్ళు మూతలు పడుతుంటే, నాపరాళ్ళ గని చూపిస్తానని మస్తాన్ లారీ ఎక్కించాడు. భూమిలోంచి పలకల్ని అట్టల్లా విడదీస్తున్నారు. మా వైపు ఇళ్ళలో పరిచే బండలు ఇంత లోతులోంచి వస్తాయని నేనెప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఖాజాబీ గడపలో ఎదురైంది, ముఖం వెలిగిపోతూ. “నీ బుడ్డికి పసుపు మరకలు పట్టినాయి గదక్కా, చర్చికి ఇచ్చేది అట్ల ఎట్ల ఇస్తావు? ఇత్తడి చెంబులతో పాటు చింతపండు పులుసులో నానబెట్టి తోమినా. మురికి ఎంత ఉన్నిందంటే, బుసబుసా నురగొచ్చింది!”

ఆ నురగ మురికి కాదు, రాయి. పులుపుకి రాయి కరిగి నురగైంది. బుడ్డి చేతికి తీసుకుంటే నునుపంతా పోయి సుద్దముక్కలా గరగరలాడింది. ఫోను లైటు మూతి మీద పెట్టి చూశాను. వెలుతురు బయటికి రాలేదు. పసుపు చారలు మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా వాటిలో ఒకటి వేలికి తగిలేలా లోతుగా దిగింది.

నాకు ఒళ్ళు మండింది, ఎందుకు దాచాలి? నా వస్తువు ముట్టుకోమని ఎవరన్నారు అని నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆమె నా ముఖం చూసి కనిపెట్టేసింది. “యా అల్లా, చెడగొడితినా?” అని అక్కడే కూలబడి ఏడ్చింది. పొయ్యి ముందు అన్ని రొట్టెలు తట్టి, ఆ తర్వాత కూర్చుని నా బుడ్డి తోమిన మనిషి! నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఊరుకో ఊరుకో అని ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను.

“ఏడిస్తే రాయి నున్నగైతాదా? గమ్మునుండు” అని మస్తాన్ భార్యను కసిరి, నాతో, “ఆళ్లగడ్డలో రాయి చెక్కే ఆచారి ఒకాయన నాకు తెలుసమ్మా. పొద్దున్నే పోదాం” అన్నాడు. రోజు కూలి వదులుకుని బస్సులో నాతో వచ్చాడు. దారిపొడుగునా ఆ బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు.

ఆళ్లగడ్డ

రోడ్డు పక్కన వరసగా రాతి దేవుళ్ళు. కొందరికి ముక్కులు ఇంకా రాలేదు, కొందరికి కాళ్ళు బండలోనే ఉన్నాయి. వీరాచారి అనే పెద్దాయన ఒక నంది చెవి దగ్గర ఉలి ఆపి, మా బుడ్డిని అందుకున్నాడు. గోటితో గీకి, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“దీన్ని మేం దేవునికి వాడమమ్మా” అన్నాడు. ఎందుకని అడిగాను. “పెరుగూ నిమ్మకాయా పోసి అభిషేకం చేస్తారు గదా. ఈ రాయితో స్వామిని చేస్తే నాలుగు పండగలకి ముక్కూ మొగం లేకుండా పోతాడు.”

మస్తాన్ కూడా నవ్వాడు, పొద్దుట్నించీ మొదటిసారి. తర్వాత ఇది ఏ దేవుడికి, ఎందుకు అని ఆచారి అడిగాడు. పగలగొట్టడానికని చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టేశాడు.

“పగలగొట్టేదానికి మళ్లా నునుపెందుకమ్మా?”

ఆయనే కాసేపు గడ్డం గోక్కుని, “సర్లే, వినాయకునికి కండ్లు దిద్దకుండా నీళ్లలో వేస్తామా?” అని తనకు తాను చెప్పుకుని, రాయి నునుపు చేసే ఎమరీ కాగితం తీశాడు. తడి తగలనివ్వకుండా పొడిగానే రుద్దాడు, మధ్యాహ్నం దాకా. ఆఖర్న తేనెమైనం గుడ్డకు పట్టించి తుడిచాడు. ఫోను లైటు మూతి మీద పెడితే బుడ్డి మళ్ళీ వెలిగింది, మునుపటంత కాకపోయినా. నాకు ప్రాణం లేచొచ్చింది. మస్తాన్ ఆ వెలుగుని ఫోటో తీసి వెంటనే ఇంటికి పంపించాడు.

మార్త చెయ్యి సంగతి విన్నాక ఆచారి గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. “మెడ కాడ ఎంట్రుకంత గీత పెట్టి మైనం పూస్తా. ఎవురికీ కనపడదు. చిన్న దెబ్బకే పగులుతాది.” నాకు చాలా నచ్చింది. ఎందుకైనా మంచిదని మార్తకు ఫోను చేశాను.

“దొంగ గీత పెట్టించుకోని దేవుని కాడికి పోతానా?” అని అరిచింది అది. “పగిల్తే పగుల్తాది, లేకుంటే నా చెయ్యి ఇంగా లేవలేదని అందరి ముందరా ఒప్పుకుంటా. నువ్వు గమ్మున తీసకరా.”

ఆ అరుపు ఆచారికి కూడా వినబడింది. నవ్వి, గీత మానేశాడు. మజూరీ సగమే తీసుకున్నాడు. పులుపు దిగిన చారను బొటనవేలితో చూపించి, “ఈడ రాయికి పట్టు తప్పింది. మైదుకూరు దాకా భద్రం” అన్నాడు. ఆయన భార్య బుడ్డిని ఒక పెద్ద బొరుగుల సంచిలో దింపి మూతి కట్టింది. ఎంత కుదుపొచ్చినా ఏమీ కాదని నాకు ధైర్యం చెప్పింది. మస్తాన్ నన్ను బస్సు ఎక్కించి, బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

బస్సులో

ఎడమ వైపు నల్లమల కొండలు, ఎండకి ఆకు లేక గోధుమ రంగులో ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా ఒళ్ళోని సంచిని చాలాసేపు చూసింది.

“బొరుగులు యాడికి తీసకపోతాండావు పాపా?”

అరవై దాటిన నన్ను పాపా అన్నందుకే సంబరపడి, మైదుకూరుకు అన్నాను. నేను టికెట్టు కోసం కండక్టరు వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి, ముసలమ్మ ముడి విప్పి పిడికెడు తీసుకుని నములుతోంది. మా వైపైతే ఇంత చనువు చూసి ముక్కున వేలేసుకుంటారు. రెండో పిడికిలికి ఆమె చేతికి రాయి తగిలింది. “ఓయమ్మ! బొరుగుల్లో ఏందో ఉండాది!” అని కేకేసింది. బస్సులో సగం మంది తిరిగి చూశారు.

ఇక తప్పక కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ముసలమ్మ నోట్లో బొరుగులు నమలడం మానేసింది. సంచి నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి లాక్కుంది. “నీ కాళ్లు నేలకి ఆనవు పాపా, సంచి జారుతాది. నా ఒడి మెత్తన” అని మైదుకూరు దాకా పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. గుంతలొచ్చినప్పుడల్లా డ్రైవరును పేరు పెట్టి తిట్టింది. ఆమె పేరు అడగడం మర్చిపోయాను, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మార్త ఇల్లు

మార్త గుమ్మంలో నిలబడి ఉంది. కుడిచెయ్యి ఎత్తి నాకు చూపించింది, భుజం దాకా. అక్కడ ఆ చెయ్యి వణికింది. తర్వాత అది, “ఏమ్మే, ఇంత లావైనావు!” అంది. మా స్నేహం ఎప్పటిలాగే ఉందని ధైర్యం వచ్చింది.

రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించింది, ఎడమచేత్తో. బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, గరుకైన చార దగ్గర వేలు ఆపింది. చింతపండు కథ చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఇద్దరం అత్తరు బుడ్డిలోకి పోశాం. బుధవారం పొద్దుటికల్లా, మూత గట్టిగా బిగించి ఉన్నా, రాయి పైనుంచే వాసన వస్తోంది. కర్నూలు సాయిబు చెప్పినట్టే జరిగింది.

నాకు మాత్రం కూడు సయించలేదు. దాని పిడికిలిలో గ్లాసు కూడా నిలవడం లేదు. అందరి ముందూ ఆ చెయ్యి ఓడిపోతే దీని మనసు ఏమైపోతుందోనని నా భయం. మెడ దగ్గర ఆ గీత ఎందుకు పెట్టించలేదా అని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

బుధవారం

చర్చి చిన్నది, సున్నం గోడలు, గడప దగ్గర నల్లటి కడపరాయి. ఏటా పగిలిన మట్టిబుడ్ల నూనెకి ఆ రాయి నున్నగా మెరుస్తోంది. ఆడవాళ్ళందరూ కొంగులు కప్పుకుని మెట్ల చుట్టూ నిలబడ్డారు. సంఘపెద్దల్లో ఒకాయన బుడ్డిని చూసి నొచ్చుకున్నాడు.

“ఇంత మంచి వస్తువు! అమ్మితే చర్చికి రెండు ఫ్యాన్లొచ్చేవి గదమ్మా.”

“అనా, ఆ పొద్దు గూడా ఒకాయన ఇదే మాట అన్యాడు. ఎవురో నీకు తెల్సు గదా” అంది మార్త. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ పొద్దు అన్నది ఏసును పట్టిచ్చిన యూదా అట. పాపం, పెద్దాయన కూడా నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మార్త బుడ్డిని కుడిచేతిలోకి తీసుకుంది. వేళ్ళు మూసుకోవడం లేదు. సాయం పట్టబోయిన తన కోడల్ని కళ్ళతోనే ఆపేసింది. చెయ్యి మెల్లగా లేచింది, భుజం దాకా వచ్చి ఆగింది. వణుకుతోంది. బుడ్డి జారుతోంది. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో నాకే తెలియదు, అందరినీ తలుచుకున్నాను. అది కొట్టడం కూడా కాదు, బలం చాలక చెయ్యి దానంతటది కిందికి వచ్చింది. టక్ మని మెత్తటి చప్పుడైంది.

బుడ్డి పగల్లేదు. మార్త చూపు దాని మీదే ఉంది. అప్పుడు ఆ గరుకు చార వెంట నల్లటి తడి కనిపించింది. చూస్తుండగానే ఆ చార వెంటే బుడ్డి రెండుగా విచ్చుకుని, రాయి మీద పడి ముక్కలైంది. అత్తరు గడప మీదుగా మెట్ల మీదికి పారింది. ఆ వాసన చర్చంతా నిండింది.

మార్త మెట్టు మీద కూర్చుండిపోయింది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తుకుని, “సూడు సత్తీ, ఇదే కొట్టింది. ఈ చెయ్యే” అంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా పక్కనున్న వాళ్ళెవరో కూడా ఏడ్చారు, చూడలేదు.

తేరుకున్నాక, “చింతపండు తిన్న చోటే పగిలిందే” అని దాని చెవిలో చెప్పాను. అదీ దొంగ గీతే అంటుందేమోనని భయపడుతూనే చెప్పాను.

“అది ఎవురూ కావాలని చేసింది కాదు గదా. ఆ పిల్ల ప్రేమతో తోమింది” అంది మార్త. “దేవుడు చింతపండుతో గూడా పని చేస్తాడులే.” అని చిన్న ముక్క ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. “ఇది ఆ పిల్లకియ్యి.” మిగతా ముక్కలు ఊరి ఆడవాళ్ళు పంచుకున్నారు, బట్టల పెట్టెల్లో పెట్టుకోవడానికి. నాకూ మెడ ముక్క దక్కింది.

మళ్ళీ బేతంచెర్ల

నా తిరుగు ప్రయాణానికి ఆ ఊరు చుట్టుదారి. అయినా వెళ్ళాను. ఖాజాబీ నన్ను చూడగానే తల దించుకుంది. ఎన్నిసార్లు ఫోను చేసి చెప్పినా నమ్మలేదట, తనను ఓదార్చడానికే అల్లుతున్నాననుకుందట. వంటింట్లో కూర్చోబెట్టి, ముక్క చేతిలో పెట్టి, గరుకైన అంచు చూపించి, జరిగిందంతా మళ్ళీ చెప్పాను. నీ చింతపండు లేకపోతే ఆ చెయ్యి ఓడిపోయేదమ్మా అన్నాను.

ఆమె ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత లేచి, కళ్ళు తుడుచుకుని, ట్రంకుపెట్టె తెరిచి, పెళ్ళినాటి చీర మడతలో దాన్ని దాచింది. మూత వేస్తూ నా వైపు తిరిగింది.

“దీన్ని మాత్రం కడగనులే అక్కా.”